కింద చుక్క కారకుండా కూలెంట్ తగ్గిపోతుంటే: థర్మోస్టాట్ జోలికి పోకండి, ముందు లీకు వెతకండి

నమస్తే అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది పిడుగురాళ్ల. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2013 మోడల్ డీజిల్ కారు, లక్ష కిలోమీటర్లు దాటింది. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) బాటిల్లో మట్టం రెండు మూడు వారాలకోసారి 'మిన్' గీత కిందికి దిగుతోంది. పార్కింగ్‌లో నేల మీద తడి జాడే లేదు. తగ్గినప్పుడల్లా ఇంట్లో బోరు నీళ్లు పోసి నడుపుతున్నారు. మెకానిక్ ఏమో "మన ఎండలకి కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలు. థర్మోస్టాట్ తీసేస్తే బండి ఇంకా చల్లగా ఉంటుంది" అన్నాడు. మే నెలలో అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకుని తిరుమల వెళ్లాలి, ఘాట్‌లో బండి ఆగిపోతుందేమోనని టెన్షన్.

సూటిగా చెప్తాను. థర్మోస్టాట్ (ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ని ర్యాడియేటర్ వైపు పోనివ్వని వాల్వు) తీయించకండి. బోరు నీళ్లు ఈ రోజు నుంచే మానేయండి. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ టెస్ట్ చేయించి లీకు ఎక్కడుందో పట్టుకోండి. లీకు సరి చేశాక సిస్టమ్ మొత్తం కడిగించి, మీ బండి మాన్యువల్లో చెప్పిన రకం కూలెంట్ పోయించండి. వరుస ముఖ్యం. లీకు ఉండగానే కొత్త కూలెంట్ పోయిస్తే అది కూడా పాతది పోయిన దారినే పోతుంది, డబ్బులు దండగ.

నేను విజయవాడ ఆటోనగర్‌లో వర్క్‌షాప్ నడుపుతున్నాను. అంతకు ముందు చాలా ఏళ్లు ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేశాను. మార్చి వచ్చిందంటే మీలాంటి బండ్లే వరసగా వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం చిన్న లీకుతో మొదలై, 'నీళ్లు పోసుకుంటే సరిపోతుందిలే' అన్న మాటతో పెద్ద పనిదాకా వచ్చినవే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కూలెంట్ ఖర్చయ్యేది కాదు

పెట్రోలు, డీజిలు కాలి ఖర్చవుతాయి. కూలెంట్ అలా కాదు. ఇంజిన్, ర్యాడియేటర్, క్యాబిన్ హీటర్ మధ్య గొట్టాల్లో అదే ద్రవం తిరుగుతూ ఉంటుంది. బాగున్న బండిలో ఏడాదికి గీత మీద వేలెడు మందం కూడా తగ్గదు. వారాల్లో మిన్ కిందికి దిగుతోందంటే ఎటో పోతున్నట్టే.

మట్టం చూసే పద్ధతి ఒకటుంది. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే స్టార్ట్ చేయకముందు, సమంగా ఉన్న నేల మీద చూడాలి. వేడి మీద ద్రవం వ్యాకోచించి మట్టం పైకి కనిపిస్తుంది, అది చూసి బాగుందనుకుంటాం. ఫోన్‌తో బాటిల్ ఫొటో తీసి పెట్టుకోండి. వారం తర్వాత అదే వేళకి ఇంకో ఫొటో తీయండి. మెకానిక్‌కి ఆ రెండూ చూపిస్తే మీరు నోటితో చెప్పేదానికన్నా ఎక్కువ ఉపయోగం.

నేల మీద చుక్క లేకపోతే మరి ఎటు పోతోంది?

మీ ప్రశ్నలో అసలు చిక్కు ఇదే. సిస్టమ్‌లో ఒత్తిడి పెరిగేది ఇంజిన్ వేడెక్కాకే. అప్పుడు సన్నని పగులులోంచి వచ్చే తడి వేడి లోహం మీద పడి అక్కడికక్కడే ఆవిరైపోతుంది. మీరు ఇంటికొచ్చి బండి ఆపేసరికి ఒత్తిడి దిగిపోతుంది, కారడం ఆగిపోతుంది. నేల పొడిగానే ఉంటుంది. కానీ నీరు ఆవిరైపోయినా అందులో కరిగి ఉన్న రసాయనం అక్కడే పేరుకుంటుంది. బానెట్ ఎత్తి టార్చి వేసి చూస్తే గొట్టం బిగింపు దగ్గరో, థర్మోస్టాట్ హౌసింగ్ అంచునో తెల్లగా, ఆకుపచ్చగా లేదా గులాబీ రంగులో ఉప్పు పట్టినట్టు పొర కనిపిస్తుంది. గోరుతో గీకితే పొడిగా రాలుతుంది. దగ్గరికి వంగితే ఒక రకం తియ్యటి వాసన వస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ఇది చూడండి. ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టకండి, కొన్ని బండ్లలో ఇగ్నిషన్ ఆపాక కూడా అది తిరుగుతుంది.

మీ బండి వయసుకి నేను ముందు చూసే చోట్లు ఇవి.

ర్యాడియేటర్ ఈ కాలం బండ్లలో దాదాపు అన్నిటిలో మధ్య భాగం అల్యూమినియం, రెండు అంచుల ట్యాంకులు ప్లాస్టిక్. రెండింటినీ రబ్బరు గ్యాస్కెట్ పెట్టి లోహపు పళ్లతో నొక్కి బిగిస్తారు. పదేళ్లు వేడి తిన్న ప్లాస్టిక్ పెళుసెక్కి, సరిగ్గా ఆ అతుకు దగ్గరే చెమ్మ పట్టడం మొదలవుతుంది. థర్మోస్టాట్ హౌసింగ్ కూడా చాలా బండ్లలో ప్లాస్టిక్కే, దానికీ అదే రోగం.

వాటర్ పంపుకి కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే కూలెంట్ బేరింగ్‌లోకి వెళ్లకుండా బయటికి పోవడానికి కంపెనీయే పెట్టిన దారి అది. అక్కడ రంగు చారలు కనబడితే పంపు మార్చే సమయం వచ్చినట్టే. ఆ రంధ్రానికి ఎంసీల్ పెట్టి మూసిన బండ్లు నా దగ్గరికి వచ్చాయి. దయచేసి ఎవర్నీ అలా చేయనివ్వకండి. లోపల బేరింగ్ పాడై పంపు బిగుసుకుపోతే దాన్ని తిప్పే బెల్టు తెగుతుంది. టైమింగ్ బెల్టే పంపుని తిప్పే ఇంజిన్లయితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజిన్ పోయినంత పనవుతుంది.

డ్యాష్‌బోర్డు లోపల హీటర్ కోర్ ఉంటుంది, క్యాబిన్ హీటర్‌కి వేడినిచ్చే చిన్న ర్యాడియేటర్ లాంటిది. మన దగ్గర హీటర్ ఎవరూ వేయరు కాబట్టి దాని సంగతి గుర్తుండదు, కానీ చాలా బండ్లలో కూలెంట్ ఎప్పుడూ అందులోంచి తిరుగుతూనే ఉంటుంది. ముందు సీటు కింద మ్యాట్ తడిగా, జిగురుగా ఉన్నా, అద్దం లోపలివైపు తుడిచినా పోని పొర పడుతున్నా అనుమానించాలి. ఏసీ నీళ్లు కూడా లోపల కారొచ్చు గానీ అవి జిగురుగా ఉండవు, వాసనా ఉండదు.

డీజిల్ కాబట్టి ఇంకొకటి: ఈజీఆర్ కూలర్. పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే భాగం ఇది. దీని లోపల పగులు వస్తే కూలెంట్ పొగతో కలిసిపోతుంది. బయట ఎంత వెతికినా జాడ దొరకదు. బయట ప్రతి అతుకూ పొడిగా ఉండి, ప్రెషర్ మాత్రం దిగిపోతుంటే నేను దీన్నే ముందు విప్పి చూస్తాను.

చివరిగా, అందరూ భయపడే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకీ దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు. దీనికి గుర్తులు: ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా రావడం, ఇంజిన్ నడుస్తుండగా కూలెంట్ బాటిల్లో బుడగలు తేలడం, ఆయిల్ మూత తిప్పితే లోపల మీగడలాంటి పొర. ఇంకొకటి నేను బాగా నమ్మే పరీక్ష. పొద్దున్నే చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి ఒకటి రెండు నిమిషాల్లో ర్యాడియేటర్ పైగొట్టాన్ని నొక్కి చూడండి. ఇంకా వేడే ఎక్కలేదు, అప్పుడే గొట్టం రాయిలా గట్టిపడిందంటే సిలిండర్ గ్యాసు కూలెంట్‌లోకి దూరుతోందన్నమాట. ఖాయం చేసుకోవడానికి ఒక నీలం రంగు ద్రవం ఉన్న టెస్టర్ ఉంటుంది. ర్యాడియేటర్ నోటి దగ్గరి గాలిని దానిలోంచి లాగితే, కార్బన్ డయాక్సైడ్ ఉన్నప్పుడు ద్రవం ఆకుపచ్చకో పసుపుకో తిరుగుతుంది. ఒక్క మీగడ పొరని చూసి హెడ్ విప్పించేయకండి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో చెమ్మ వల్ల కూడా ఆయిల్ మూత కింద అలాంటి పొర పడుతుంది.

ప్రెషర్ టెస్ట్ అంటే ఏమిటి

సైకిల్ పంపులాంటి చేతిపంపుకి ఒత్తిడి చూపే గడియారంలాంటి మీటర్ ఉంటుంది. చల్లని ఇంజిన్ మీద ర్యాడియేటర్ మూత తీసి ఆ చోట దీన్ని బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి వరకు కొడతారు. పావుగంట ఆగి చూస్తారు. ముల్లు కదలకపోతే లీకు లేదు. దిగితే టార్చి పట్టుకుని వెతకడమే. ఇంజిన్ చల్లగా ఉంటుంది కాబట్టి కారింది ఆవిరి కాదు, చుక్క కంటికి కనిపిస్తుంది. మీ ఊళ్లో ఈ టెస్టర్ లేకపోతే నరసరావుపేటలోనో గుంటూరులోనో మంచి వర్క్‌షాప్‌లో దొరుకుతుంది. టెస్టర్ ఉందా అని ముందు ఫోన్ చేసి అడగండి. "అది లేకపోయినా కంటితో చూసి చెప్పేస్తాం" అన్నచోటికి ఈ పనికి వెళ్లకండి.

అదే టెస్టర్‌తో మూతని కూడా పరీక్షించమని అడగండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఆ మూత ప్రెషర్ కుక్కర్ విజిల్ చేసే పనే చేస్తుంది. మామూలు ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలకి మరుగుతుంది. సగం నీరు, సగం గ్లైకాల్ (కూలెంట్‌లోని అసలు ద్రవం) కలిపిన మిశ్రమం 107 దరిదాపుల్లో మరుగుతుంది. దాన్నే మూత బిగించి ఒత్తిడిలో పెడితే 125 దాటినా మరగదు. మూత మీద 0.9 అనో 1.1 అనో 1.4 అనో రాసి ఉంటుంది, అది ఎంత ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలో చెప్పే అంకె. స్ప్రింగ్ బలం తగ్గినా, రబ్బరు వాషర్ చీలినా ముందే తెరుచుకుని కూలెంట్‌ని ఆవిరిగా వదిలేస్తుంది. అప్పుడూ నేల మీద చుక్క ఉండదు. మూత ఖరీదు కొన్ని వందలే. మీ బండికి అది ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్చేయండి, కానీ అదే అంకె ఉన్నదే కొనండి. ఎక్కువ అంకెది వేస్తే పాత గొట్టాలకీ ప్లాస్టిక్ ట్యాంకులకీ ముప్పు.

నీళ్లు ఎందుకు చాలవు

మీ మెకానిక్ మాటలో సగం నిజం ఉంది. వేడిని మోసుకుపోవడంలో శుద్ధమైన నీరే గ్లైకాల్ మిశ్రమం కన్నా మెరుగు. గడ్డకట్టే చలి కూడా మనకి లేదు. మరి కూలెంట్ ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, పైన చెప్పిన మరుగు స్థానం. రెండోది, నా దృష్టిలో అంతకన్నా పెద్దది, తుప్పు. ఇంజిన్ బ్లాకు పోత ఇనుమో అల్యూమినియమో, హెడ్ అల్యూమినియం, ర్యాడియేటర్ అల్యూమినియం, అక్కడక్కడా ఉక్కు. ఇన్ని లోహాలు ఒకే వేడి నీటిలో ఉంటే ఒకదాన్ని ఇంకొకటి తినేస్తుంది. దాన్ని ఆపే రసాయనాలు కూలెంట్‌లో ఉంటాయి. మీరు కారిన కూలెంట్ స్థానంలో నీళ్లు పోసిన ప్రతిసారీ వాటి పాలు పలచబడుతోంది. రంగు ఇంకా పచ్చగానే కనబడొచ్చు, రంగుకీ రక్షణకీ సంబంధం లేదు.

అందులోనూ మీది పల్నాడు. పిడుగురాళ్ల అంటేనే సున్నం బట్టీలు. సున్నపురాయి నేలలోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం ఎంతుంటుందో మీ ఇంట్లో గీజరు కాయిల్ విప్పి చూస్తే తెలుస్తుంది. అదే తెల్లటి పెచ్చు ఇంజిన్ లోపల, హెడ్ చుట్టూ ఉన్న సన్నని దారుల్లో కడుతుంది. ర్యాడియేటర్ గొట్టాలు లోపల సన్నగా, చదునుగా ఉంటాయి, వాటికి కొంచెం పెచ్చు చాలు. మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒక బండి ర్యాడియేటర్‌ని విప్పి కోసి చూపించాను యజమానికి. కింది వరసల్లో సగానికి పైగా గొట్టాలు సుద్దముక్క దూర్చినట్టు మూసుకుపోయి ఉన్నాయి. ఆయనా పదేపదే బోరు నీళ్లే పోసేవారు.

తప్పనిసరై ఎప్పుడైనా కలపాల్సి వస్తే బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి. దారిలో అదీ దొరక్కపోతే తాగే ఆర్వో నీళ్లు, అదీ గమ్యం చేరేవరకే. రోడ్డు మీద ఆగిపోయి ఏమీ దొరకని పరిస్థితిలో కాలవ నీళ్లయినా పోయొచ్చు, ఇంజిన్ కాలిపోవడం కన్నా అది నయం. కానీ ఇంటికి రాగానే మొత్తం కడిగించాలి.

ఏ కూలెంట్?

రంగు చూసి కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, గులాబీ ఏ కంపెనీ ఇష్టం దానిది. రెండు రకాల రసాయనాలు కలిస్తే ఒక్కోసారి బురదలా చిక్కబడి దారులు మూసుకుపోతాయి. మాన్యువల్లో ఏ రకం చెప్పారో చూసి అదే అడగండి. డబ్బా మీద భారతీయ ప్రమాణం ఐఎస్ 5759 గానీ, జపాన్ వాళ్ల జేఐఎస్ కె 2234 గానీ ఉందో లేదో చూడండి. బస్టాండు పక్క షాపుల్లో వంద రూపాయలకి దొరికే రంగునీళ్లకి ఇవేవీ ఉండవు.

డబ్బా నేరుగా పోసే రకమా, నీళ్లు కలపాల్సిన చిక్కటి రకమా అన్నది కూడా చదవండి. రెడీమిక్స్‌లో మళ్లీ నీళ్లు కలిపేవాళ్లున్నారు, చిక్కటిదాన్ని అలాగే పోసేసేవాళ్లూ ఉన్నారు. రెండోది ఇంకా చెడ్డది, ఎందుకంటే ఉత్త గ్లైకాల్ వేడిని సరిగ్గా మోయలేదు. పాత పద్ధతి ఆకుపచ్చ కూలెంట్లని సాధారణంగా రెండేళ్లకో 40,000 కిలోమీటర్లకో మార్చమంటారు. కొత్త తరం ఆర్గానిక్ రకాలు ఐదేళ్లు కూడా వస్తాయి. మీ బండిలో ఇప్పుడేముందో ఎవరికీ తెలియదు కాబట్టి లెక్క కొత్తగా మొదలుపెట్టడమే.

థర్మోస్టాట్ తీసేస్తే ఏమవుతుంది

ఈ అలవాటు పాత అంబాసిడర్లు, లారీల రోజుల నుంచి వస్తోంది. థర్మోస్టాట్ లోపల మైనం ఉంటుంది. 82 నుంచి 88 డిగ్రీల మధ్య ఆ మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుస్తుంది. అంతకు ముందు కూలెంట్‌ని ర్యాడియేటర్ వైపు పోనివ్వదు, ఇంజిన్ తొందరగా వేడెక్కడానికి. ఇంజిన్ తయారైందే ఆ వేడి దగ్గర పనిచేయడానికి. తీసేస్తే హైవే మీద ఇంజిన్ ఎప్పటికీ చల్లగానే ఉండి, కంప్యూటర్ ఇంధనం ఎక్కువ పంపుతుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్లో చెమ్మ ఆవిరి కాక మడ్డి కడుతుంది. కొన్ని బండ్లలో ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కాన్ చేస్తే పి0128 అని, అంటే కూలెంట్ తగినంత వేడెక్కడం లేదనే కోడ్ వస్తుంది.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ ఒక తలుపు తెరుస్తూనే, ర్యాడియేటర్‌ని తప్పించి పోయే బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో ఒక వంతు ర్యాడియేటర్‌కి వెళ్లకుండా వేడివేడిగానే ఇంజిన్‌లోకి తిరిగి వస్తుంది. అంటే ఘాట్ ఎక్కేటప్పుడు, సరిగ్గా చల్లదనం కావాల్సిన చోట, ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. థర్మోస్టాట్ పాడైందని అనుమానముంటే కొత్తది వేయించండి. పాతదాన్ని దారం కట్టి వేడి నీళ్ల గిన్నెలో వేలాడదీస్తే తెరుచుకుంటోందో లేదో కళ్లముందే కనబడుతుంది, మెకానిక్‌ని చూపించమనండి.

ఎప్పుడు వేడెక్కుతోందో చెప్తే సగం రోగం తెలిసినట్టే

మీరు వేడెక్కుతోందని రాయలేదు, కూలెంట్ తగ్గుతోందనే రాశారు. అయినా ఇది తెలుసుకుని ఉండండి. సిగ్నల్స్ దగ్గర, ట్రాఫిక్‌లో డ్యాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లు పైకి వెళ్లి రోడ్డెక్కగానే దిగిపోతుంటే ఫ్యాన్ వైపు చూడాలి: మోటార్, రిలే, ఫ్యూజు, తక్కువ స్పీడుకి వాడే రెసిస్టర్. అలాంటి బండిలో ఆగి ఉన్నప్పుడు ఏసీ చల్లదనం కూడా తగ్గుతుంది. ఊళ్లో బాగుండి హైవే మీదా ఘాట్‌లోనూ ఎక్కుతుంటే ర్యాడియేటర్ మూసుకుపోవడమో, పంపు సరిగ్గా తోయకపోవడమో, థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడమో. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ఎక్కేస్తుంటే థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుందనో, లోపల గాలి చిక్కుకుందనో, అసలు కూలెంటే లేదనో అనుకోవాలి.

ముల్లుని పూర్తిగా నమ్మకండి. చాలా కార్లలో అది ఒక పరిధిలో కావాలనే కదలకుండా మధ్యలో నిలబడేలా చేస్తారు. అది కదిలేసరికే ఆలస్యమవుతుంది. కొన్ని కార్లలో ముల్లే ఉండదు, నీలం ఎరుపు లైట్లు మాత్రమే. ఇంకా ప్రమాదకరమైన సంగతి, కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ గాలిలో ఉండిపోయి తక్కువ వేడి చూపించొచ్చు. చిలకలూరిపేట దాటాక గొట్టం పగిలిన ఒక కారుని నా దగ్గరికి టో చేసి తెచ్చారు, హెడ్ వంగిపోయి. "మీటర్ నార్మల్‌గానే ఉందండీ" అని యజమాని పదే పదే చెప్పారు, ఆయన చెప్పింది నిజమే. కారు కంప్యూటర్ సాకెట్‌కి తగిలించే బ్లూటూత్ ఓబీడీ పరికరం ఒకటి కొని ఫోన్‌లో అసలు డిగ్రీలు చూసుకుంటే ఈ బాధ తగ్గుతుంది. మామూలుగా 85 నుంచి 100 మధ్య తిరుగుతుంది. 105 దాటి పైకి పోతూనే ఉంటే ఆగాలి.

ర్యాడియేటర్ బయట కూడా చూడండి

మీ రోడ్ల మీద సున్నం దుమ్ము, సిమెంటు లారీలు. పత్తి సీజన్లో దూది కూడా. కారులో ముందు ఏసీ కండెన్సర్, దాని వెనక ర్యాడియేటర్ ఉంటాయి. రెండింటి మధ్య సందులో చెత్త పేరుకుంటే ముందు నుంచి చూస్తే ఏమీ కనిపించదు. గుంటూరు వైపు పత్తి బండ్ల వెంట తిరిగిన కార్లలో ఆ సందులోంచి దుప్పటి ముక్కలా దూది చాప లాగాను. వాటికి ఏ భాగమూ మార్చలేదు, శుభ్రం చేశాక వేడి సమస్య పోయింది. కడిగేటప్పుడు మామూలు పైపుతో, ఇంజిన్ వైపు నుంచి ముందుకి కొట్టాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే ఆ సన్నని రేకులు వంగిపోయి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

కడగడం, నింపడం

కొన్నిచోట్ల ఇప్పటికీ కాస్టిక్ సోడా వేసి కడుగుతారు. ఇత్తడి, రాగి ర్యాడియేటర్ల కాలంలో అది చెల్లింది. అల్యూమినియంని కాస్టిక్ తినేస్తుంది. మీ బండికి వద్దని గట్టిగా చెప్పండి. అలాగే లీకు ఆపే పొడి, ద్రవం అంటూ అమ్ముతారు. అవి లీకుతో పాటు హీటర్ కోర్‌నీ ర్యాడియేటర్ గొట్టాల్నీ కూడా మూస్తాయి. నేను వాడను.

పాతది తీసేసి, శుభ్రమైన నీటితో నింపి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, చల్లారాక వదిలేయాలి. వచ్చే నీరు తేటగా అయ్యేవరకు ఇలాగే. చివరి విడత డిస్టిల్డ్ వాటర్‌తో. సున్నం బాగా పట్టి ఉంటే అల్యూమినియంకి పనికొచ్చే ఫ్లష్ ద్రవం వాడి, మళ్లీ కడగాలి. లోపల బాగా గట్టిపడితే కొత్త ర్యాడియేటరే దారి. మీ బండి వయసుకి, బోరు నీళ్ల చరిత్రకి, ఆ ఖర్చు రావొచ్చని మనసులో పెట్టుకోండి.

కొత్తది మెల్లగా పోయాలి. గాలి బయటికి వెళ్లే స్క్రూ ఉంటే తెరిచి పెట్టాలి. మూత పెట్టి ఫ్యాన్ రెండుసార్లు వేసి ఆగేవరకు ఇంజిన్ నడపాలి, చల్లారాక మట్టం చూసి కలపాలి. లోపల గాలి బుడగ ఉండిపోతే బాగుచేసిన బండే మర్నాడు వేడెక్కుతుంది. హీటర్ వేస్తే వేడి గాలి నిలకడగా వస్తోందా అన్నది మంచి గుర్తు. ఆ తర్వాత మూడు నాలుగు రోజులు పొద్దున్నే మట్టం చూడండి, కొంచెం దిగితే కలపండి, ఆపైన నిలబడాలి. నేను రెండు వారాల ముందు చేయించమన్నది అందుకే.

ఇక తిరుమల ప్రయాణం

అద్దంకి రోడ్డు మీదుగా మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కి ఒంగోలు, నెల్లూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి వైపు వెళ్తారనుకుంటున్నాను. తెల్లవారకముందే బయలుదేరితే నెల్లూరు ఎండ తీవ్రం కాకముందే దాటొచ్చు. మధ్యాహ్నం రెండింటికి అలిపిరి చేరి, చెకింగ్ క్యూలో ఏసీ వేసుకుని అంగుళం అంగుళం కదిలి, అదే వేడి మీద ఘాట్ ఎక్కడం బండికి అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. వీలైతే ఆ వేళ తప్పించండి.

పైకి వెళ్లేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి మొదటిది. ఎక్కేటప్పుడు పెద్ద గేర్లో ఇంజిన్ని మూలిగిస్తూ లాగించకండి. వాటర్ పంపు ఇంజిన్ తిరిగే వేగాన్నిబట్టే కూలెంట్‌ని తోస్తుంది. పెద్ద గేర్లో ఇంజిన్ మీద భారం ఎక్కువ, పంపు వేగం తక్కువ. రెండో గేర్లోనో మూడో గేర్లోనో హాయిగా తిరగనివ్వండి. ఇంజిన్ శబ్దం పెరిగిందని కంగారుపడనక్కర్లేదు. వేడి పెరుగుతోందనిపిస్తే ఏసీ ఆపండి. ఇంకా పెరిగితే అద్దాలు దించి హీటర్ ఫుల్ వేడి, ఫుల్ బ్లోయర్ పెట్టండి. పిల్లలు గోల చేస్తారు, కానీ హీటర్ కోర్ రెండో ర్యాడియేటర్‌లా పనిచేసి కొన్ని డిగ్రీలు లాగేస్తుంది. పైకి చేరాక టర్బో బండి కాబట్టి ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి.

ఎర్ర లైటు వెలిగితే మొదటి సురక్షితమైన చోట బండి ఆపి ఇంజిన్ ఆపేయండి. 'ఇంకో రెండు కిలోమీటర్లేగా' అన్న ఆలోచనే అల్యూమినియం హెడ్‌ని వంచేది. ఒక టీచరమ్మగారి కారు అలా లైటు వెలిగాక ఇంటిదాకా నడిచి వచ్చింది. కొన్ని వందల రూపాయల గొట్టంతో పోవాల్సిన పని, హెడ్ విప్పి లేత్ మీద సమం చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసేదాకా వెళ్లింది. బానెట్ తెరిచి వదిలేయండి. ర్యాడియేటర్ మూత మాత్రం ముట్టుకోకండి. లోపల ఒత్తిడిలో ఉన్న ద్రవం మూత కదలగానే ఆవిరై ముఖం మీదికి కొడుతుంది. కాలిన చేతులు చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. ముప్పావు గంటయినా ఆగాలి. పైగొట్టం చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాక, మందపాటి గుడ్డ వేసి మూత కొంచెం తిప్పి, బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాక తీయండి. ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించకండి, వేడి లోహం పగులుతుంది.

డిక్కీలో ఒక లీటరు రెడీమిక్స్ కూలెంట్, రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్, రెండు గొట్టం క్లిప్పులు, స్క్రూడ్రైవర్, టార్చి, మందపాటి గుడ్డ పెట్టుకోండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలకి అందనిచోట పెట్టండి, డబ్బా మీద పేరు ఉండాలి, నీళ్ల సీసాలో పోసి పెట్టకండి. తీసేసిన పాతదాన్ని వర్క్‌షాప్ వాళ్లు రోడ్డు పక్క పోస్తుంటే వద్దనండి, కుక్కలు, పశువులు తాగి చచ్చిపోతాయి.

ప్రెషర్ టెస్ట్ చేయించాక పావుగంటలో ముల్లు ఎంత దిగింది, చుక్క ఎక్కడ కనబడింది, ఆయిల్ మూత లోపల ఎలా ఉంది, ఈ మూడూ ఫొటోలతో ఇక్కడే రాయండి. బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు దిగిందని వస్తే, ఈజీఆర్ కూలరా హెడ్ గ్యాస్కెటా అన్నది తేల్చడానికి ఏ వరుసలో విప్పాలో చెప్తాను. ఈ రెండిట్లో ఏదున్నా అది సరయ్యేదాకా ఆ బండితో ఘాట్ ఎక్కకండి, తిరుమలకి బస్సో రైలో చూసుకోండి.